నిధులు అయిపోయిన మర్నాడు రిలీజ్ ఎవరు చేస్తారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీది మోటార్ కంట్రోలర్లకు సాఫ్ట్‌వేర్ రాసే చిన్న కంపెనీ. యూరప్‌లో రెండు యూనివర్సిటీలు, కార్ల విడిభాగాలు చేసే ఒక పెద్ద కంపెనీ, ఇంకో నాలుగైదు సంస్థలు కలిసి మూడేళ్ల పరిశోధన ప్రాజెక్టుకు ప్రపోజల్ పెడుతున్నాయి. మల్టీకోర్ (ఒకే చిప్‌లో అనేక ప్రాసెసర్ కోర్లున్న) కంట్రోలర్లలో టైమింగ్ విశ్లేషణకు, అంటే ఏ పని ఎప్పటికి పూర్తవుతుందో లెక్కగట్టడానికి, ఓపెన్ సోర్స్ టూల్ తయారు చేస్తారట, మిమ్మల్నీ రమ్మన్నారు. చేరితే ఒరిగేదేమిటి, మా కోడ్ బయటపెట్టాలా, లైసెన్సుతో చిక్కులొస్తాయా, మేం ఒక్క ఇంజనీర్‌నే ఇవ్వగలం, సరిపోతుందా అని అడిగారు.

ఇలాంటి ప్రాజెక్టుల్లో ఇండస్ట్రీ వైపు నుంచి చాలాకాలం పనిచేశాను. కొన్నిటికి ప్రపోజల్ దశలోనే వద్దని కూడా చెప్పాను. మీకు మాత్రం చేరమనే చెబుతాను. అయితే సంతకం పెట్టేముందు ఒక్క ప్రశ్నకు మనిషి పేరుతో సహా జవాబు రాబట్టండి: నిధులు ఆగిపోయిన మరుసటి నెలలో ఈ టూల్‌కి కొత్త రిలీజ్, అంటే సరిచేసిన కొత్త వెర్షన్, ఎవరు చేస్తారు? "కమ్యూనిటీ చూసుకుంటుంది" అన్నారంటే ఎవరూ చూసుకోరని అర్థం. "మా ల్యాబ్ చూసుకుంటుంది" అంటే ల్యాబ్‌లో ఎవరు, ఎవరిచ్చే జీతం మీద అని కూడా అడగాలి. లైసెన్సు, డేటా, ఇంజనీర్ల సంఖ్య, ఇవన్నీ దీని తర్వాతే.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, మూడేళ్ల లెక్క కాగితం మీద కనిపించినంత పెద్దది కాదు. మొదటి ఏడాదిలో సగం పైగా అవసరాల పత్రాలకు, పదజాలం మీద ఒప్పందానికి పోతుంది. రెండో ఏడాదిలో ప్రోటోటైప్ లేస్తుంది. మూడో ఏడాది మధ్యకొచ్చేసరికి అందరి చూపూ ఫైనల్ రివ్యూలో చూపించాల్సిన డెమో మీదే. కోడ్ రాసేది ఎక్కువగా పీహెచ్‌డీ విద్యార్థులు. వాళ్ల థీసిస్, ప్రాజెక్టు దాదాపు ఒకేసారి ముగుస్తాయి. థీసిస్ అయిపోయిన మనిషి ఉద్యోగంలో చేరిపోతాడు, రిపోజిటరీలో (కోడ్ దాచే చోట) చివరి కమిట్, అంటే చివరి మార్పు, అతనిదే అయి ఉంటుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఆ డబ్బు ఇచ్చిందే పరిశోధన ఫలితం కోసం, పదేళ్ల నిర్వహణ కోసం కాదు.

మరి బతికి బట్టకట్టినవి ఎలా బతికాయి? నాకు కనిపించిన తేడా ఇది: అలాంటి టూల్స్‌లో చాలా వాటికి ప్రాజెక్టు మొదలవకముందే ఒక యజమాని ఉన్నాడు. ఫ్రామా-సీ సంగతే చూడండి. సీ ప్రోగ్రాములను గణితపరంగా విశ్లేషించే టూల్ అది. ఫ్రాన్స్‌లోని సీఈఏ లిస్ట్ ల్యాబ్, ఇన్రియా అనే ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ కలిసి మొదలుపెట్టాయి, 2008లో బయటికొచ్చింది. వెర్షన్లకు వరసగా మూలకాల పేర్లు పెడతారు: హైడ్రోజన్‌తో మొదలుపెట్టి 2022లో 26వ వెర్షన్‌కి ఐరన్ దాకా వచ్చారు. ఇన్నేళ్లలో దాని మీద క్యాట్, యూత్రీక్యాట్, స్టాన్స్, వెసీడియా అంటూ ఫ్రాన్స్ ప్రభుత్వ ప్రాజెక్టులు, యూరోపియన్ ప్రాజెక్టులు ఎన్నో వచ్చి వెళ్లాయి. ప్రతిదీ ఒక కొత్త ప్లగిన్నో (టూల్‌కి తగిలించే అదనపు భాగం), పాత ప్లగిన్‌కి మెరుగో ఇచ్చి పోయింది. టూల్ మాత్రం ల్యాబ్‌ది. ప్రాజెక్టు ముగిసినా అక్కడి పర్మనెంట్ ఉద్యోగుల రోజువారీ పని అదే.

కపెల్లా కథ ఇంకో రకం. సిస్టమ్స్ ఇంజనీరింగ్ మోడలింగ్ టూల్ అది. మొదట థేల్స్ కంపెనీ తన సొంత ఇంజనీర్ల కోసం మెలడీ అడ్వాన్స్ అనే పేరుతో తయారు చేసుకుంది. తర్వాత క్లారిటీ అనే సంయుక్త ప్రాజెక్టు ద్వారా దాన్ని ఓపెన్ సోర్స్ చేశారు. అంటే ఆ ప్రాజెక్టు టూల్‌ని తయారు చేయలేదు, తలుపులు తెరిచింది. మొదటి రోజుకే నిజమైన ఇంజనీర్లు వాడుతున్న టూల్ చేతిలో ఉంది, వాళ్ల తిట్లు కూడా అప్పటికే తినేసి ఉంది. మీకు పంపిన ప్రపోజల్‌లో టూల్ పేరు మొదటిసారిగా ఆ ప్రపోజల్‌లోనే కనిపిస్తోందా, లేక ముందునుంచే ఎక్కడో నడుస్తోందా చూడండి. మొదటిదైతే తోసిపుచ్చమనను, కానీ ఆశలు తగ్గించుకోండి.

అసలు పెద్ద కంపెనీలు ఈ ఓపెన్ సోర్స్ టూల్స్ వెంట ఎందుకు పడతాయని కొందరు అనుమానంగా అడుగుతుంటారు. దానధర్మం కాదు. ఎయిర్‌బస్ ఏ300 విమానం మొదట ఎగిరింది 1972లో, తయారీ ఆగింది 2007లో, ఇవాళ్టికీ కొన్ని ఎగురుతున్నాయి. అలాంటి ఉత్పత్తిలో ఉన్న సాఫ్ట్‌వేర్‌ని దశాబ్దాల తర్వాత కూడా తెరిచి, మార్చి, మళ్లీ సర్టిఫై చేయించాలి. అప్పటిదాకా టూల్ అమ్మిన కంపెనీ ఉంటుందో, ఎవరైనా కొనేసి మూసేస్తారో ఎవరికి తెలుసు? తులూజ్ కేంద్రంగా ఎయిర్‌బస్ ముందుండి నడిపిన టాప్‌క్యాస్డ్ ప్రాజెక్టు ఈ భయంలోంచి పుట్టిందే. టాప్‌క్యాస్డ్ అనే పేరు ఇప్పుడు పెద్దగా వినపడదు. కానీ అందులోని యూఎంఎల్, సిస్‌ఎంఎల్ (డిజైన్లను బొమ్మలుగా గీసే భాషలు) ఎడిటర్ల స్థానంలోకి పాపిరస్ అనే టూల్ వచ్చింది, అది ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులను నడిపే ఎక్లిప్స్ ఫౌండేషన్ గొడుగు కింద కొనసాగుతోంది. పేరు పోయినా పని మిగిలింది.

ఇక పిలిచినవాళ్ల మాట నిజమో కాదో తేల్చుకోవడానికి నేను చేసే పని ఒకటుంది. అదే భాగస్వాములు ఇంతకుముందు ముగించిన ప్రాజెక్టు ఏదో కనుక్కుని, దాని టూల్‌ని కొత్త మెషీన్ మీద సోర్సు నుంచి బిల్డ్ చేసి చూస్తాను. రివ్యూ నివేదికలు చదవడం కన్నా ఇది ఎక్కువ చెబుతుంది. ఎక్లిప్స్ ఆధారిత టూల్ అయితే బిల్డ్ ఎక్కడ ఆగుతుందో ముందే ఊహించవచ్చు: టూల్‌కి కావాల్సిన భాగాలు ఎక్కణ్నుంచి తేవాలో చెప్పే టార్గెట్ ప్లాట్‌ఫామ్ ఫైల్‌లో ఒక అప్‌డేట్ సైట్ చిరునామా ఉంటుంది, ఆ సర్వర్ ఎప్పుడో ఆపేసి ఉంటారు. అది దాటితే ఏదో యూనివర్సిటీ వెబ్‌పేజీ నుంచి దించుకోవాల్సిన జార్ ఫైల్ (జావా లైబ్రరీ) ఒకటి, ఆ పేజీ పెట్టిన విద్యార్థితో పాటే అది కూడా మాయం. అదీ దాటి టూల్ తెరుచుకుంటే ఉదాహరణ మోడల్ కనబడదు, అది ఏ డెలివరబుల్‌కి (ప్రాజెక్టు సమర్పించాల్సిన నివేదికకి) జతచేసిన జిప్‌లోనో ఉంటుంది, ఆ డెలివరబుల్ "భాగస్వాములకు మాత్రమే". ఇవన్నీ దాటి బిల్డ్ సాఫీగా అయ్యి, ఆటోమేటిక్ టెస్టులు కూడా నడిచాయంటే ఆ బృందంలో ఎవరో ఒకరు బాధ్యతగా ఉన్నారన్నమాట. ఆ మనిషి కొత్త ప్రాజెక్టులో కూడా ఉన్నాడో లేదో అడగండి.

మీ అంశం మల్టీకోర్ టైమింగ్ కాబట్టి అదే రంగంలో ముందే జరిగిన ఆమల్తియా ప్రాజెక్టు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మీ ప్రపోజల్ రాసినవాళ్లు దాన్ని ప్రస్తావించకపోతే అదే ఒక హెచ్చరిక. ఐటీఈఏ అనే యూరప్ సాఫ్ట్‌వేర్ పరిశోధన కార్యక్రమం కింద 2011లో ఆమల్తియా ప్రాజెక్టు మొదలైంది, 2014లో దాని కొనసాగింపుగా ఆమల్తియా4పబ్లిక్ వచ్చి 2017 దాకా నడిచింది. రెండిట్లోనూ బాష్ ముఖ్యపాత్ర. బయటికొచ్చిన ఫలితం ఎక్లిప్స్ యాప్4ఎంసీ, ప్రాజెక్టులు ముగిశాక కూడా రిలీజులు వస్తూనే ఉన్నాయి. దాని గుండెకాయ గ్రాఫికల్ ఎడిటర్ కాదు, డేటా మోడల్. అందులో ఒక టాస్క్ ఉంటుంది, దాన్ని లేపే స్టిమ్యులస్ ఉంటుంది, ఉదాహరణకు 10 మిల్లీసెకన్ల పీరియడ్, అంటే ప్రతి 10 మిల్లీసెకన్లకోసారి లేవడం. టాస్క్ లోపల రన్నబుల్స్ (వరసగా నడిచే చిన్న కోడ్ ముక్కలు) ఉంటాయి, ఒక్కోటి ఎన్ని టిక్స్ (ప్రాసెసర్ గడియారపు అడుగులు) తింటుందో కనిష్ఠం, గరిష్ఠం, సగటుతో రాస్తారు. ప్రతి రన్నబుల్ ఏ లేబుల్స్ చదువుతుందో, ఏవి రాస్తుందో ఉంటుంది. లేబుల్ అంటే షేర్డ్ మెమరీలో ఒక వేరియబుల్ అనుకోండి. మరోపక్క హార్డ్‌వేర్: ఎన్ని కోర్లు, ఏ కోర్ నుంచి ఏ మెమరీకి ఎంత లేటెన్సీ (ఆలస్యం). ఆఖర్లో మ్యాపింగ్: ఏ టాస్క్ ఏ కోర్ మీద, ఏ లేబుల్ ఏ మెమరీలో.

ఇంతే. కానీ ఇది సరిగ్గా కుదిరితే మీకు రోజూ ఎదురయ్యే ప్రశ్నలు అడగొచ్చు. ఒక కోర్ మీద 10 మిల్లీసెకన్ల టాస్క్ రాసిన కరెంట్ సెట్‌పాయింట్‌ని (మోటార్‌కి ఎంత కరెంట్ పంపాలన్న లక్ష్య విలువని) ఇంకో కోర్ మీద 2 మిల్లీసెకన్ల టాస్క్ చదువుతోంది; ఆ విలువ వాడే సమయానికి అత్యధికంగా ఎంత పాతబడి ఉంటుంది? టాస్క్‌ని కోర్ మారిస్తే ఏమవుతుంది? విడిగా ఏ టాస్క్ డెడ్‌లైన్ తప్పకపోయినా మొత్తం గొలుసులో ఆలస్యం పెరిగిపోవడం మోటార్ కంట్రోల్ చేసేవాళ్లకు కొత్త కాదు. స్ప్రెడ్‌షీట్‌లో ఇది పట్టుకోవడం నరకం. ఆమల్తియా పనితోపాటే బీటీఎఫ్ అనే ట్రేస్ (ఏది ఎప్పుడు నడిచిందో రాసిన రికార్డు) ఫార్మాట్ కూడా వాడుకలోకి వచ్చింది: మామూలు టెక్స్ట్ ఫైల్, వరసకో సంఘటన, కామాలతో విడదీసిన సమయం, మూలం, లక్ష్యం, ఏం జరిగింది అన్నవి. స్టార్ట్, ప్రీఎంప్ట్, రెస్యూమ్, టెర్మినేట్ అంటూ కంటితో చదువుకోవచ్చు, పది లైన్ల స్క్రిప్టుతో విడదీయొచ్చు. నా దృష్టిలో ఇలాంటి సాదా ఫార్మాట్లు ఎడిటర్లకన్నా విలువైనవి. ఎడిటర్ చచ్చిపోతే మోడల్ ఫైల్ మిగులుతుంది. ఫార్మాట్ బయటికి తెలియకపోతే ఎడిటర్‌తో పాటు మీ మూడేళ్ల మోడళ్లూ పోతాయి.

సిమ్యులేషన్ మోడళ్లను ఒక టూల్ నుంచి ఇంకో టూల్‌కి మార్చుకోవడానికి వాడే ఎఫ్‌ఎంఐ దీనికి మంచి రుజువు. మోడెలిసార్ అనే ఐటీఈఏ ప్రాజెక్టు 2008 నుంచి 2011 దాకా నడిచింది. అది మిగిల్చింది టూల్ కాదు, ఒక ఇంటర్‌ఫేస్ ప్రమాణం. సిమ్యులేషన్ మోడల్‌ని ఒక జిప్ ఫైల్‌గా కట్టేస్తారు. లోపల మోడల్ వేరియబుల్స్ వివరించే ఎక్స్‌ఎంఎల్ ఒకటి, కంపైల్ చేసిన బైనరీ గానీ, సీ సోర్సు గానీ, లేదా రెండూ గానీ ఉంటాయి. ఒక టూల్‌లో చేసిన మోటార్ మోడల్‌ని ఇంకో టూల్‌లోని కంట్రోలర్‌తో కలిపి నడపొచ్చు. 2010లో మొదటి వెర్షన్, 2014లో రెండోది, 2022లో మూడోది. ప్రాజెక్టు ముగిశాక దాన్ని మోడెలికా అసోసియేషన్ అనే లాభాపేక్షలేని సంస్థ చేతుల్లో పెట్టారు, అందుకే మూడో వెర్షన్ దాకా వచ్చింది. బైనరీ ఒక్క ఆపరేటింగ్ సిస్టమ్‌కే ఇచ్చి సోర్సు దాచేసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారనుకోండి, ఆ గొడవ వేరే.

కాబట్టి ప్రపోజల్‌లో మీ మాట చెల్లే చోటుంటే ఇది అడగండి: ఫైల్ ఫార్మాట్, దాని స్కీమా (ఫైల్‌లో ఏది ఎలా ఉండాలన్న నియమాలు), ఉదాహరణ మోడళ్లు, వాటిని సరిచూసే టెస్టులు టూల్ కోడ్‌కి వేరుగా, వేరే రిపోజిటరీలో, మొదటి ఏడాదిలోనే బయటికి రావాలని. యూనివర్సిటీలు దీనికి మొదట మొహం ముడుచుకుంటాయి, ఫార్మాట్ మీద పేపర్ పడదు కదా. ఆ ఫార్మాట్‌లోనే బెంచ్‌మార్కులు (అందరూ తమ పద్ధతులను పోల్చిచూసుకునే నమూనా సమస్యలు) పెడితే మాత్రం వాళ్లే ముందుకొస్తారు, ఎందుకంటే బెంచ్‌మార్క్ వాడిన ప్రతివాళ్లూ ఆ పేపర్‌ని ఉటంకిస్తారు.

బెంచ్‌మార్క్ అనగానే మీ రెండో భయం వస్తుంది: మా కోడ్ బయటపెట్టాలా? అక్కర్లేదు. దీనికి బాష్ పరిశోధకులు 2015లో చూపించిన దారి నాకు చాలా నచ్చింది. ఇంజన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌ని ఇవ్వకుండా, దాని గణాంకాలు మాత్రం ఇచ్చారు. రన్నబుల్స్‌లో 25 శాతం 10 మిల్లీసెకన్ల పీరియడ్‌తో, ఇంకో 25 శాతం 20 మిల్లీసెకన్లతో, 20 శాతం 100 మిల్లీసెకన్లతో నడుస్తాయి. 15 శాతం కాలంతో కాక క్రాంక్‌షాఫ్ట్ (ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) కోణంతో లేస్తాయి. 1 మిల్లీసెకనువి 3 శాతమే. వీటితోపాటు ఎగ్జిక్యూషన్ సమయాల పంపకం, లేబుల్స్ సైజులు, ఎవరు ఎవరితో మాట్లాడతారు అన్న పట్టికలు. వీటినుంచి ఎవరైనా అసలుదానిలాగే ప్రవర్తించే కృత్రిమ మోడళ్లు పుట్టించుకోవచ్చు. దీని తర్వాత వాటర్స్ అనే రియల్‌టైమ్ పరిశోధకుల వర్క్‌షాప్‌లో పారిశ్రామిక ఛాలెంజ్ పేరుతో ఇంజన్ మేనేజ్‌మెంట్ ఆమల్తియా మోడల్‌నే బయటపెట్టారు, అందులోనూ అల్గారిథం ఒక్క లైను లేదు. రియల్‌టైమ్ షెడ్యూలింగ్ మీద పనిచేసేవాళ్లు ఇప్పటికీ ఈ అంకెలతోనే తమ పద్ధతులను పరీక్షించుకుంటారు.

మీరూ అదే చేయొచ్చు. మీ కంట్రోలర్ నుంచి ట్రేస్ తీసి, టాస్కుల పేర్లు టీ1, టీ2 అని మార్చి, సమయాలను ఒక స్థిరాంకంతో గుణించి ఇవ్వండి. నిష్పత్తులు చెడవు, రహస్యం పోదు. చిన్న కంపెనీకి కన్సార్టియంలో (భాగస్వాముల కూటమిలో) పరపతి ఇక్కడే వస్తుంది. యూనివర్సిటీల దగ్గర అల్గారిథంలు కుప్పలుగా ఉంటాయి, అసలైన ట్రేస్‌లే ఉండవు. ట్రేస్ ఇచ్చినవాళ్ల సమస్య చుట్టూనే టూల్ రూపుదిద్దుకుంటుంది.

ఇప్పుడు లైసెన్సు. జీపీఎల్ అంటే, ఆ కోడ్ కలిపి పంచే ప్రోగ్రాం సోర్సు కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాలనే లైసెన్సు. చాలామంది ఆ మాట వినగానే బెదిరిపోతారు, బెదరాల్సిన చోట మాత్రం చూడరు. విశ్లేషణ టూల్ జీపీఎల్ కింద ఉన్నా మీ ఉత్పత్తికి ఏమీ కాదు. జీపీఎల్ కిందే ఉన్న జీసీసీ కంపైలర్‌తో కంపైల్ చేసినంత మాత్రాన మీ కోడ్ జీపీఎల్ అయిపోవడం లేదు కదా. చిక్కు అంతా టూల్ పుట్టించే కోడ్ దగ్గర. కోడ్ జనరేటర్ తన టెంప్లేట్లలోంచి ముక్కలు కాపీ చేసి మీ ఫైళ్లలో పెడుతుంది, పైగా ఒక చిన్న రన్‌టైమ్ లైబ్రరీ లింక్ చేయమంటుంది. ఆ ముక్కలు, ఆ లైబ్రరీ కంట్రోలర్ ఫ్లాష్‌లోకి, అక్కడినుంచి కస్టమర్ దగ్గరికి వెళ్తాయి. వాటి లైసెన్సు ఏమిటన్నదే అసలు ప్రశ్న. పార్సర్లు (టెక్స్ట్‌ని చదివి విడదీసే కోడ్) పుట్టించే బైసన్ అనే టూల్‌కి ఇదే సమస్య వచ్చింది: మొదట్లో దాని అవుట్‌పుట్‌ని జీపీఎల్ ప్రోగ్రాముల్లోనే వాడే వీలుండేది, తర్వాత ప్రత్యేక మినహాయింపు ఇచ్చారు. జీసీసీ రన్‌టైమ్ లైబ్రరీకి కూడా అలాంటి మినహాయింపే ఉంది. మీ ప్రాజెక్టులో టెంప్లేట్లు, రన్‌టైమ్, హెడర్ ఫైళ్లు అపాచీ 2.0, ఎంఐటీ, బీఎస్‌డీల్లో ఏదో ఒకదాని కింద ఉంటాయని, పుట్టిన కోడ్ మీద టూల్ రచయితలకు హక్కు ఉండదని కన్సార్టియం ఒప్పందంలో ఒక్క వాక్యం రాయించుకోండి.

లైబ్రరీల కోసం సడలించిన జీపీఎల్ అయిన ఎల్‌జీపీఎల్ గురించి కూడా ఒక మాట. డైనమిక్ లింకింగ్ (లైబ్రరీ విడి ఫైల్‌గా ఉండి నడిచేటప్పుడు కలవడం) ఉన్న డెస్క్‌టాప్‌లో అది మెత్తని లైసెన్సే. ఎంబెడెడ్‌లో అంతా స్టాటిక్ లింక్ చేసి ఒకే ఇమేజ్‌గా చిప్‌లోకి ఎక్కిస్తాం కాబట్టి, కస్టమర్ ఆ లైబ్రరీని మార్చి మళ్లీ లింక్ చేసుకునే వీలు కల్పించాలి, అంటే ఆబ్జెక్ట్ ఫైళ్లు ఇవ్వాలి. చిన్న ఎంబెడెడ్ పరికరాలకు వాడే రియాట్ ఆపరేటింగ్ సిస్టమ్ ఎల్‌జీపీఎల్ 2.1 కిందే ఉంది, బెర్లిన్‌లోని ఫ్రీ యూనివర్సిటీ, ఇన్రియా, హాంబర్గ్ అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీ కలిసి పెంచిన మంచి సిస్టమ్. తెలిసి ఎంచుకుంటే ఇబ్బంది లేదు. మీ కస్టమర్ల లాయర్లు ఎలాంటివాళ్లో మీకే బాగా తెలుసు.

ఒప్పందంలో బ్యాక్‌గ్రౌండ్ అనే అనుబంధం ఒకటి ఉంటుంది. ప్రాజెక్టుకు ముందే మీ దగ్గరున్నవి అందులో నమోదు చేస్తారు. దాన్ని లాంఛనంగా ఖాళీ వదిలేయకండి. మీ ఓఎస్ అబ్‌స్ట్రాక్షన్ లేయర్, మీ మోటార్ లైబ్రరీ పేర్లు రాసి, వీటిని వాడుకునే (యాక్సెస్) హక్కులు మిగతా భాగస్వాములకు లేవని స్పష్టంగా పెట్టండి. యూరప్ ప్రాజెక్టుల్లో ఎక్కువమంది డెస్కా నమూనా ఒప్పందాన్నే వాడతారు, సాఫ్ట్‌వేర్ గురించి అందులో విడిగా నిబంధనలున్నాయి, చదవండి.

సేఫ్టీ సంగతి మీరు అడగలేదు కానీ, పెద్ద కంపెనీ మనిషి రెండో మీటింగులో తప్పకుండా ఎత్తుతాడు: ఈ టూల్ ఐఎస్‌ఓ 26262కి (కార్ల ఎలక్ట్రానిక్స్ భద్రతా ప్రమాణానికి) క్వాలిఫై అవుతుందా? ప్రశ్నే సగం తప్పు. ఆ ప్రమాణం ఎనిమిదో భాగం, 11వ క్లాజు ప్రకారం అంచనా వేసేది టూల్‌ని కాదు, టూల్ వాడే తీరుని. టూల్‌లో తప్పుంటే అది ఉత్పత్తిలో లోపానికి దారితీస్తుందా, తీస్తే తర్వాతి దశలో ఎక్కడైనా దొరికిపోతుందా అని రెండు చూస్తారు. ఈ రెండూ కలిపి టీసీఎల్1 నుంచి టీసీఎల్3 దాకా ఒక స్థాయి (టూల్ మీద ఎంత నమ్మకం నిరూపించాలన్నది) తేలుతుంది. మీ టైమింగ్ విశ్లేషణ ఫలితాన్ని తర్వాత హార్డ్‌వేర్ మీద కొలిచి సరిచూస్తున్నారనుకోండి, తప్పు అక్కడ దొరుకుతుందని వాదించి టీసీఎల్1 దగ్గరే ఆగొచ్చు, క్వాలిఫికేషనే అక్కర్లేదు. కొలత మానేసి టూల్ మాటనే సాక్ష్యంగా పెడితే బరువు పెరుగుతుంది.

పరిశోధన నిధులతో పూర్తి క్వాలిఫికేషన్ కిట్ తయారు కావడం నేను దాదాపు చూడలేదు, ఆశించనూ వద్దు. కానీ ఆ పని తర్వాత ఎవరైనా చేయగలిగేలా వదలొచ్చు: టూల్ ఏం చేయాలో రాసిన అవసరాల జాబితా, ఒక్కో అవసరానికి టెస్టు, తెలిసిన లోపాల జాబితా. చివరిది చాలా ముఖ్యం. తెలిసిన లోపాలు బయటపెట్టని టూల్‌ని సేఫ్టీ ఇంజనీర్ దగ్గరికి రానివ్వడు. హార్డ్‌వేర్ వైపు దీనికి మంచి ఉదాహరణ ఓపెన్ సోర్స్ ప్రాసెసర్లు తయారు చేసిన పల్ప్ ప్రాజెక్టు. జ్యూరిక్ ఈటీహెచ్, బొలోన్యా యూనివర్సిటీ 2013లో మొదలుపెట్టాయి. వాళ్ల రిస్క్-ఫైవ్ (అందరికీ తెరిచిన ప్రాసెసర్ ప్రమాణం) కోర్లు ఎన్నో పరిశోధన చిప్స్‌లోకి వెళ్లాయి. తర్వాత జీరో-రిస్కీ అనే చిన్న కోర్‌ని లోరిస్క్ సంస్థ తీసుకుని ఐబెక్స్‌గా మార్చింది, రిస్కీ కోర్‌ని ఓపెన్‌హెచ్‌డబ్ల్యూ గ్రూప్ తీసుకుని సీవీ32ఈ40పీ అని పేరు పెట్టింది. చేతులు మారాక శ్రమలో పెద్ద భాగం కొత్త ఫీచర్ల మీద కాదు, వెరిఫికేషన్ మీద పోయింది: టెస్ట్‌బెంచ్‌లు, కవరేజీ లెక్కలు, డాక్యుమెంట్లు. యూనివర్సిటీకి చిప్ పనిచేస్తే చాలు. ఉత్పత్తిలో పెట్టేవాడికి ఏమేం పరీక్షించారో కాగితం మీద కావాలి. మీ ప్రపోజల్‌లో ఈ పనికి వర్క్ ప్యాకేజీ (విడిగా కేటాయించిన పని విభాగం) ఉందా? లేకపోతే ప్రాజెక్టు ముగిశాక ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో ముందే తెలుసుకోండి.

డబ్బు విషయం క్లుప్తంగా చెబుతాను. యూరోపియన్ యూనియన్ పరిశోధన నిధుల కార్యక్రమం హారిజాన్ యూరప్‌లో రిసెర్చ్ అండ్ ఇన్నోవేషన్ యాక్షన్ అనే రకం అయితే ఖర్చులో 100 శాతం ఇస్తారు, ఇన్నోవేషన్ యాక్షన్ అయితే లాభార్జన సంస్థలకు 70 శాతం. ఐటీఈఏ లాంటి యురేకా (దేశాల మధ్య పరిశోధన సహకార వేదిక) క్లస్టర్లలో కథ వేరు: ప్రాజెక్టుకు కేంద్రం నుంచి ఒక ఆమోద ముద్ర మాత్రమే దొరుకుతుంది, డబ్బు ఏ దేశపు భాగస్వామికి ఆ దేశపు ఏజెన్సీ ఇవ్వాలి. ఒక దేశం ఒప్పుకోకపోతే ఆ భాగస్వామి తప్పుకుంటాడు, లేదా ఏడాది ఆలస్యంగా చేరతాడు. మీ పని అతని కోడ్ మీద ఆధారపడి ఉంటే మీరూ ఆగిపోతారు. ప్రణాళికలో మీ టాస్క్ ఎవరి డెలివరబుల్ కోసం ఎదురుచూస్తోందో గీతలు గీసి చూడండి, రెండు గీతలు దాటితే మార్చమనండి.

ఇక ఒక్క ఇంజనీర్ సంగతి. సరిపోతుంది, మూడు షరతుల మీద. ఆ మనిషికి రిపోజిటరీలో కమిట్ హక్కు ఉండాలి, "ఇండస్ట్రియల్ యూజ్ కేస్" విభాగంలో కూర్చుని పవర్‌పాయింట్లు చేసే పాత్ర కాదు. మీ అసలు బోర్డు మీద ట్రేస్ తీసి టూల్‌లోకి పంపే స్క్రిప్టు అతనే రాయాలి, అది మీ సొంత బిల్డ్ సర్వర్‌లో ప్రతిరాత్రీ నడవాలి. అలా నడుస్తుంటే మీటింగులు ఎలా పోయినా టూల్‌లో ఏది విరిగిందో మీకు పొద్దున్నే తెలుస్తుంది. మూడోది, అతను ప్రాజెక్టు మీద సగం రోజులు పెట్టినా పర్వాలేదు కానీ ప్రతివారం పెట్టాలి. రివ్యూకి ముందు రెండు నెలలు పూర్తిగా, మిగతా ఏడాది సున్నా అన్న పద్ధతిలో ఎవరికీ ఏమీ మిగలదు.

ఒక సందర్భంలో మాత్రం చేరొద్దు. ప్రపోజల్ చదివాక, ఆ టూల్ రేపు పొద్దున ఉచితంగా దొరికినా మీ ఇంజనీర్లు వాడరని మీకు అనిపిస్తే, నిధుల శాతం ఎంత బాగున్నా వద్దు. టైమ్‌షీట్లు, ఆడిట్లు, ఆరునెలలకో నివేదిక, వీటికి పోయే సమయం చిన్న కంపెనీకి చిన్నది కాదు. వాడతారనిపిస్తే, ముందుగా కోఆర్డినేటర్‌కి రెండు లైన్ల మెయిల్ పెట్టండి: వాళ్ల గత టూల్ సోర్సు లింకు, ప్రాజెక్టు తర్వాతి మెయింటెయినర్ పేరు. జవాబు వచ్చాక ఆ లింకు ఇక్కడ పెట్టండి, బిల్డ్ చేసి చూసి చెబుతాను.